డాబా మీద పదో మొహం

సాయంత్రం ఆరు గంటల లోపు సుధారాణికి పది మొహాలు కావాలి.

పది మంది మనుషులుంటే చాలదు. పది మొహాలు ఒకే ఫొటోలో, యాప్ గుర్తుపట్టేలా కనిపించాలి. తొమ్మిదే వస్తే ఆమె షిల్లాంగ్ ప్రయాణం ఈ డాబా మీదే ఆగిపోతుంది.

గడియారంలో నాలుగూ ఐదు. డాబా మీద నాలుగు మొహాలున్నాయి. వాటిలో ఒకటి లెక్కలోకి రాదు.

లెక్కలోకి రాని ఆ మొహం కొబ్బరాకుల పందిరి కింద, ఉన్న ఒక్క ఫ్యాను ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. పేరు రవికాంత్. ముప్ఫై రెండేళ్లు. పొద్దున్న రైల్లో విశాఖపట్నం నుంచి ఒడిశాలోని బరంపురం వచ్చాడు. 'దారి చుట్టాలు' వాళ్లు పంపిన పరిశీలకుడు.

'దారి చుట్టాలు' అంటే ఊళ్లు తిరిగేవాళ్లు ఇంటర్నెట్‌లో కట్టుకున్న సంఘం. సభ్యుడెవరైనా ఏ ఊరు వెళ్లినా అక్కడి సభ్యులు దారి చెబుతారు, భోజనం పెడతారు, వీలైతే పడుకోవడానికి చోటిస్తారు. ఊరికో శాఖ, శాఖకో నిర్వాహకుడు. రెండు నెలలకోసారి శాఖ సభ్యులంతా ఒకచోట కలవాలి. వరసగా మూడు కలయికల్లో పది మంది కనబడకపోతే శాఖ మూత. పక్క శాఖలో కలిపేస్తారు.

బరంపురం ఉన్న గంజాం జిల్లా శాఖకి నిర్వాహకురాలు సుధారాణి. నలభై ఎనిమిదేళ్లు. పెద్ద బజార్లో స్టీలు సామాన్ల కొట్టు. కొట్టు పైన గది, గది పైన ఈ డాబా. మూడేళ్లలో ఆ గదిలో నలభై ముగ్గురు ప్రయాణికులు పడుకుని లేచారు. సైకిలు మీద దేశం చుట్టే కేరళ కుర్రాణ్ణి మార్కండి తీసుకెళ్లి వేట పడవ ఎక్కించింది ఆమే. నాగపూర్ పంతులమ్మలిద్దరికి చిలికా సరస్సులో పక్షుల్ని చూపించిందీ ఆమే. ఆమె మాత్రం ఎన్నడూ పూరీ దాటలేదు. ఇరవై రెండేళ్లుగా కొట్టు ఒక్క రోజుకి మించి మూయలేదు మరి.

ఈసారి షిల్లాంగ్‌లో అన్ని శాఖల నిర్వాహకుల మహాసభ. శాఖకో సీటు. రైలు టికెట్టు కూడా వచ్చేసింది. శాఖ మూతపడితే ఆ సీటు కలుపుకున్న శాఖకి పోతుంది, అంటే విశాఖకి. విశాఖ సీటు రవికాంత్‌ది. రెండోది దొరికితే అతని స్నేహితుడు వస్తాడు. ఆ స్నేహితుడు అప్పుడే పెట్టె సర్దుకున్నాడని మధ్యాహ్నం రవికాంత్ ఫోన్లో మాట్లాడుతుంటే సుధారాణి స్వయంగా వింది.

ఈ వరసలో మొదటి కలయిక చిలికా ఒడ్డున రంభ ఊళ్లో పెడితే తుపాను వానకి ఏడుగురే వచ్చారు. రెండోది గోపాల్‌పూర్ ఒడ్డున. పది మంది వచ్చారు. ఫొటోలో మాత్రం తొమ్మిది మొహాలే పడ్డాయి. పదో మనిషి సుధారాణి. ఫొటో తీసింది ఆమే.

అందుకే ఈసారి ఫొటో పరిశీలకుడే తీయాలని రూలు పెట్టించుకుంది.

"ఆంటీ, మీ సభ్యుల ప్రొఫైళ్లు చూస్తున్నాను," అన్నాడు రవికాంత్ ఫోన్లోంచి తలెత్తకుండా. "ఈ చిన్నారావు గారి ఫొటోలో ఇంత జుట్టుంది. ఆయనకి అరవై ఒకటి అని రాసుంది. ఎప్పటిదండీ ఇది?"

"పెళ్లి నాటిది. బాగుందని ఉంచుకున్నాడు."

"అలా కుదరదండీ. ఏడో నిబంధన. మనిషి ఇవాళ ఎలా ఉన్నాడో ప్రొఫైల్ ఫొటోలో అలాగే ఉండాలి. మీ గ్రూపులో పెడుతున్నాను, అందరూ చూసుకుంటారు."

టిక్కున మోగింది. నాలుగూ పదికి, రవికాంత్ పేరుతో, గ్రూపులో ఏడో నిబంధన ప్రత్యక్షమైంది. సుధారాణి దాన్ని పట్టించుకోలేదు. ఆమె చెవులు మెట్ల మీద ఉన్నాయి.

పక్కన అపర్ణ మజ్జిగ గ్లాసులు సర్దుతోంది. కాలేజీలో లెక్కలు చెబుతుంది. తాతారావు చికిటి నుంచి బస్సులో వచ్చి, సంచిలోంచి పనసకాయ తీసి గోడ వారన పెట్టి, దాని పక్కనే కూర్చున్నాడు. సుధారాణితో కలిపి ముగ్గురు. ఇంకా ఏడుగురు రావాలి.

"ఒస్తారు పిన్నీ," అంది అపర్ణ. "ఠాకురాణి యాత్ర నెల్లో ఊరొదిలి ఎవులెల్తారు? అందుకే కదా ఈ ఆదివారం ఎట్టావు."

"అదే నా ధైర్యం."

అప్పుడు మెట్ల మీద గజ్జెలు మోగాయి.

ముందు తోక కనబడింది. తర్వాత పసుపు రంగు ఒళ్లు, దాని మీద నల్లచారలు, చెవులు, నోట్లోంచి బయటికొచ్చిన తెల్ల కోరలు. పులి డాబా మీదికి ఎగిరి దూకి, రవికాంత్ ఎదుట ఆగి గాండ్రించింది.

రవికాంత్ కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు.

"అన్నయ్యా!" సుధారాణి కెవ్వుమంది. "ఇదేటిది?"

"ఏటంటే? పులి," అన్నాడు చిన్నారావు. రైల్వే గార్డుగా చేసి మొన్ననే రిటైరయ్యాడు. "మోకాలు బాగైతే అమ్మకి పులాట ఆడతానని మొక్కుకున్నాను కాదేటి. సూడు, ఎలా దూకానో!"

"ఈయేళ ఫొటో ఉందని సెప్పాను కదా!"

"అందుకే కదమ్మా, మూడు గంటలు కూకుని రంగేయించుకున్నాను. ఫొటోలో బాగుండాలని."

అతని వెనకే యముడు వచ్చాడు. బీమా ఏజెంటు నాగేంద్రప్రసాద్. ఆ వెనక నాలిక చాపుకుని, మొహమంతా నీలం పూసుకున్న కాళి. స్కూలు టీచరు వాసవీకుమారి. గిరిసోల ఊరి అన్నదమ్ములిద్దరూ రామలక్ష్మణులై వచ్చారు. ఒళ్లంతా ఆకుపచ్చ రంగు, మొహాన వెండి పొడి. చివరికి పద్మిని, జాంబవంతుడి బొచ్చు తొడుక్కుని, ఆయాసపడుతూ.

రెండేళ్లకోసారి ఠాకురాణి అమ్మవారు పుట్టింటికి వచ్చి నెల రోజులుంటుంది. ఆ నెలంతా మొక్కున్నవాళ్లు వేషం కట్టి వీధుల్లో తిరిగి దర్శనానికి వెళతారు. ఇది బరంపురంలో అందరికీ తెలుసు. అంత తెలిసిన సంగతి కాబట్టే గ్రూపులో ఒక్కరూ రాయలేదు. యాత్ర ఆదివారం పులి వేషంతో వస్తానని ముందుగా చెప్పడం, చొక్కా తొడుక్కుని వస్తానని చెప్పడం లాంటిది. సుధారాణికీ తట్టలేదు. విశాఖ నుంచి వచ్చిన కుర్రాడు కిందపడేదాకా.

"మనుషులైతే తొమ్మిదయ్యారు," అంది అపర్ణ నెమ్మదిగా. "మొహాలే..."

"కడిగేసుకుందురు గానీ రండి, నీళ్లు తోడిస్తాను."

పులి వెనక్కి రెండడుగులు వేసింది. "దర్శనం అవకుండా రంగు కడిగితే మా ఆవిడ గుమ్మం ఎక్కనిస్తదేటి? లైను దేశిబెహరా వీధి దాటి మన బజారు కాడికి ఒచ్చేసింది. ఎంతలేదన్నా నాలుగు గంటలు."

"మా అత్తా అంతే," అంది కాళి.

యముడు గద దించి నెత్తి మీది కిరీటం సర్దుకున్నాడు. ఎవరూ కడగరు. అది తేలిపోయింది.

రవికాంత్ లేచి, ప్యాంటు దులుపుకుని, మొదటిసారి నవ్వాడు. "పర్లేదాంటీ. విశాఖలో మీ గంజాం వాళ్లని చాలా బాగా చూసుకుంటాం."

ఆ మాట పూర్తవలేదు. మెట్ల మీద బూట్ల చప్పుడు. కాకీ బట్టలు, టోపీ, లాఠీ, భుజం మీద రెండు నక్షత్రాలు, దట్టమైన మీసం.

"ఏ స్కూటర్ కాహార?" అన్నాడు వచ్చినవాడు ఒడియాలో. తర్వాత తెలుగులో, "కింద అడ్డంగా పెట్టిన స్కూటర్ ఎవరిది? ఇక్కడ మీటింగ్..."

రవికాంత్ అటెన్షన్‌లో నిలబడ్డాడు. డాబా మీద మిగతా అందరూ చప్పట్లు కొట్టారు.

"ఓలమ్మో! ఏం ఏశాడ్రా ఏషం!" చిన్నారావు తోక ఊపుకుంటూ అతని చుట్టూ తిరిగాడు. "రెండు నక్షత్రాలేటి బాబూ, మూడెట్టుకోవల్సింది. మొక్కులో పిసినారితనమేటి?"

"నేను..."

"మీసం సూడండి మీసం!" చిన్నారావు మీసం కొస పట్టి లాగాడు. "గమ్ము ఎక్కడ కొన్నావు? ఊడి రావట్లేదు!"

వచ్చినవాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏదో చెప్పబోయాడు. వేషగాడు గుమ్మంలోకి వస్తే వట్టి చేతులతో పంపకూడదు కాబట్టి సుధారాణి అతని దోసిట్లో మరమరాలు, బెల్లం ముక్క, అరటిపండు పెట్టి, చేతికి మామిడి పానకం గ్లాసిచ్చింది. "కూకో బాబూ, ఎండన పడి ఒచ్చావు. స్కూటరు మాదే, మా ఆయన తీస్తాడులే."

"మౌసీ, నేను మీటింగ్..."

"ముందు తాగు."

అతను తాగాడు. కాళికీ యముడికీ మధ్య కూర్చున్నాడు.

రవికాంత్ సుధారాణి చెవి దగ్గరికి వచ్చాడు. "ఆంటీ. ఆయన నిజం పోలీసండీ."

"నీకు తెలీదు బాబూ. నువ్వు విశాఖపట్నమోడివి."

"నిజంగానే అంటున్నానండీ!"

"నిజం పోలీసైతే మెట్లెక్కి ఒస్తాడేటి? కిందనుంచే అరుస్తాడు. ఆ బూట్లు సూడు. ఎలా మెరుస్తన్నాయో. యాత్ర నెల్లో బందోబస్తు పోలీసు బూటు మెరుస్తాదా?"

సరిగ్గా అప్పుడు కాకీ మనిషి నడుము దగ్గర వాకీటాకీ గరగరమని ఒడియాలో ఏదో అంది. డాబా అంతా మళ్లీ చప్పట్లు.

"సౌండు కూడా ఎట్టాడు!" అన్నాడు తాతారావు పనసకాయ మీద కొడుతూ.

రవికాంత్ తల పట్టుకున్నాడు. పోలీసు మాత్రం వాకీటాకీలో రెండు ముక్కలు మెల్లగా చెప్పి, దాన్ని తగ్గించి, ఇంకో గ్లాసు పానకం అడిగాడు.

ఐదుంబావుకి ఒకసారి ప్రయత్నించి చూశారు. సభ్యులంతా రెండు వరసల్లో నిలబడ్డారు. కాకీ మనిషి కూడా లేచి చివర్న చేరబోతే సుధారాణి చెయ్యి పట్టి పక్కకి తెచ్చింది. "నువ్వు కాదు బాబూ, ఇది మెంబర్లకి. నువ్వు ఆ గ్లాసులు కాస్త కడిగి ఎట్టు, పున్నెం ఉంటాది."

అతను గ్లాసులు కడిగాడు.

రవికాంత్ నొక్కాడు. ప్రొఫైల్ ఫొటోలతో పోల్చి యాప్ గుర్తుపట్టిన మొహం చుట్టూ పచ్చటి గీత పడుతుంది. మూడు గీతలు పడ్డాయి. సుధారాణి, అపర్ణ, తాతారావు. చిన్నారావు దగ్గర మాత్రం ఒక చిన్న మాట కనబడింది.

"పిల్లి అని రాసింది," అన్నాడు రవికాంత్.

"ఎవర్రా పిల్లి!" చిన్నారావు గాండ్రించాడు.

ఎవరికీ నవ్వు రాలేదు. కింద కొట్లోంచి గౌరీశంకర్ గొంతు వినబడింది. సుధారాణి భర్త. "రాణీ! అయ్యిందా?"

"లేదు!"

"ఊ," అన్నాడు. అంతే. గౌరీశంకర్ ఈ ప్రయాణం గురించి మూడు నెలల నుంచీ 'ఊ' కంటే ఎక్కువ అనలేదు. ఒక్కసారి మాత్రం, నువ్వెళ్తే గల్లాపెట్టె దగ్గర ఎవరు కూర్చుంటారని అడిగాడు. జవాబు కోసం ఆగలేదు.

సుధారాణి గోడ వారన కూర్చుంది. ఆమె ముందు స్టీలు పళ్లెంలో నలభై ముగ్గురు ప్రయాణికులు వదిలి వెళ్లిన గుర్తులున్నాయి. లడఖ్ రాయి, కచ్ ఉప్పు, ఎవరిదో ఊరి బస్సు టికెట్టు. కలయికకి ప్రతి సభ్యుడూ తను తిరిగిన చోటి వస్తువొకటి తెచ్చి దాని కథ చెప్పాలి. ఆమె ఎప్పుడూ ఇతరుల వస్తువులే పెడుతుంది. షిల్లాంగ్ నుంచి ఏం తేవాలో కూడా అనుకుంది. వాన నీళ్లు. ఒక సీసాడు.

ఐదూ ముప్ఫై నాలుగు.

రవికాంత్ విశాఖకి ఫోన్ చేస్తున్నాడు. "ఆ, అయిపోయినట్టేరా. అందరూ వేషాల్లో ఉన్నారు. ప్రొఫైల్ ఫొటోకీ మొహానికీ సంబంధమే లేదు..."

సుధారాణి తలెత్తింది.

ప్రొఫైల్ ఫొటో. మొహం.

మొహం మార్చడం కుదరదు. మరి ఫొటో?

ఆమె ఒక్క ఉదుటున లేచింది. "అన్నయ్యా! నీ ఫోనెక్కడ?"

"తోక కాడ సంచీలో..."

"తియ్యి! నీ మొహాన్ని నువ్వే ఫొటో తీసుకో. ప్రొఫైల్లో ఆ పెళ్లి ఫొటో తీసేసి ఈ పులిని ఎట్టు. అందరూ! బేగి, బేగి!"

డాబా మీద అలజడి పుట్టింది. యముడు కిరీటం పక్కకి జరిగిందని ఫొటో మళ్లీ తీసుకున్నాడు. కాళి నాలిక తీయాలా ఉంచాలా అని అడిగింది. ఉంచమంది అపర్ణ. పద్మినికి ఎలుగు గోళ్లతో ఫోను తెర కదలకపోతే తాతారావు కదిపాడు. రాముడికి సిగ్నల్ లేదు, లక్ష్మణుడు తన ఫోన్లోంచి ఇచ్చాడు. సరిగ్గా తమ్ముడు చేయాల్సిన పనే.

ఐదూ యాభై రెండుకి రవికాంత్ మళ్లీ నొక్కాడు. టకటకా పచ్చ గీతలు. పులి చుట్టూ కూడా.

తొమ్మిది.

"తొమ్మిదే," అన్నాడు రవికాంత్. ఆ గొంతులో సంతోషం దాచుకోవడం అతనికి చేతకాలేదు.

గోపాల్‌పూర్ వచ్చిన పది మందిలో ఒకరు బదిలీ అయి ఊరొదిలారు. ఇప్పుడు పదోవాడు 'నీలిగొడుగు'. అసలు పేరు ఎవరికీ తెలీదు. ప్రొఫైల్లో మొహం ఉండాల్సిన చోట నీలం గొడుగు బొమ్మ ఉంటుంది. ఎనిమిది నెలల కింద చేరాడు. చిలికా పక్షుల గురించి అందంగా రాస్తాడు. ఏ కలయికకీ రాలేదు. ఈసారి తప్పకుండా వస్తానని మొన్న రాశాడు. రానివాళ్లంతా అలాగే రాస్తారు.

"యాప్‌లోంచి ఫోన్ కొట్టు పిన్నీ," అంది అపర్ణ. "దగ్గర్లో ఉన్నాడేమో."

"ఆరు నిమిషాల్లో ఎక్కణ్ణుంచి ఒస్తాడే?"

"కొట్టు!"

సుధారాణి కొట్టింది. అవతల మోగుతోంది. ఒకటి. రెండు.

డాబా మీద ఎక్కడో కొంగ అరిచింది.

అందరూ చుట్టూ చూశారు. కొంగ మళ్లీ అరిచింది. నీళ్ల కుళాయి దగ్గర, కాకీ ప్యాంటు జేబులో.

కడుగుతున్న గ్లాసు కింద పెట్టి, చేతులు తుడుచుకుని, అతను ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "హలో మౌసీ," అన్నాడు, పది అడుగుల దూరం నుంచి. "నీలిగొడుగు. సుమిత్. టౌన్ సబ్ ఇన్‌స్పెక్టర్."

చిన్నారావు తోక చేతిలోంచి జారిపోయింది.

"మ... మీసం?"

"నిజందే."

"నేను చెప్పానా!" రవికాంత్ అరిచాడు. "గంట నుంచీ చెబుతున్నాను!"

సుధారాణి గబగబా వెళ్లి కుళాయి కట్టేసింది. సబ్ ఇన్‌స్పెక్టరు చేత గ్లాసులు కడిగించింది తను. "బాబూ... సెప్పొచ్చు కదా!"

"రెండుసార్లు మొదలుపెట్టాను మౌసీ. మరమరాలు పెట్టారు." సుమిత్ నవ్వాడు. "తర్వాత చెప్పబుద్ధి కాలేదు. నేనెక్కడికెళ్లినా మనుషులు మాట ఆపేస్తారు, లేచి నిలబడతారు. అందుకే ఏ మీటింగ్‌కీ రాలేదు. ఇవాళ డ్యూటీ మీ వీధిలోనే పడింది. ఆరింటికల్లా చౌరస్తాలో ఉండాలి. సరే, యూనిఫారంతోనే వెళదాం, ఏమవుతుందో చూద్దాం అనుకున్నాను. ఎవరూ లేవలేదు. మీసం లాగారు. ఠిక్ అఛి, బాగుంది."

"కబుర్లు తర్వాత!" అపర్ణ గడియారం చూపించింది. "గొడుగు తీసి మొహం ఎట్టండి సార్! నాలుగు నిమిషాలు!"

సుమిత్ టోపీ సర్దుకుని ఫోను ఎత్తాడు. గొడుగు పోయి మొహం వచ్చింది. చిన్నారావు చేతులు కట్టుకుని అతనికి రెండడుగులు దూరంగా నిలబడితే, సుమిత్ పులి భుజం మీద చెయ్యేసి దగ్గరికి లాక్కున్నాడు.

"తీయండి," అంది సుధారాణి.

రవికాంత్ ఫోను ఎత్తాడు. రూలు ప్రకారం అతనే తీయాలి. నొక్కాడు. పచ్చ గీతలు ఒక్కొక్కటే పడ్డాయి. పది.

డాబా దద్దరిల్లింది. రవికాంత్ మాత్రం కదల్లేదు. తెర మీద ఇంకో మీట మిగిలింది. పరిశీలకుడు ధ్రువీకరించాలి.

"ఇది న్యాయం కాదండీ," అన్నాడు. "అప్పటికప్పుడు ఫొటోలు మార్చేశారు. నేను నొక్కలేను."

ఐదూ యాభై తొమ్మిది. ఒక్క పోలీసు చూపు చాలని సుమిత్‌కి తెలుసు. అందుకే కావాలని తల తిప్పుకుని పనసకాయని చూడసాగాడు.

సుధారాణి తన ఫోను రవికాంత్ ముందు పెట్టింది. అచ్చం గల్లాపెట్టె దగ్గర గిన్నె సొట్ట చూపించే కొనుగోలుదారుకి జవాబు చెప్పినట్టు, నిదానంగా చదివింది.

"'ఏడో నిబంధన. మనిషి ఇవాళ ఎలా ఉన్నాడో ప్రొఫైల్ ఫొటోలో అలాగే ఉండాలి. అందరూ వెంటనే సరిచేసుకోగలరు. ఇట్లు రవికాంత్, పరిశీలకుడు.' నాలుగూ పదికి నువ్వే రాశావు బాబూ. ఈయేళ మా సిన్నారావు అన్నయ్య ఎలా ఉన్నాడు?"

రవికాంత్ చిన్నారావు వైపు చూశాడు. చారలు, కోరలు, చెవులు.

"పులిలా," అన్నాడు.

"ప్రొఫైల్లో ఎలా ఉన్నాడు?"

రవికాంత్ తెర మీది పులిని చూశాడు. తర్వాత, పాపం, అతనికే నవ్వొచ్చింది. మీట నొక్కాడు.

గంజాం శాఖ, హాజరు పది, ఆమోదం.

పులి గాల్లోకి దూకింది. బాగుపడిన మోకాలు మీదే దిగింది. సుమిత్ లాఠీ తీసుకుని మెట్లు దిగుతూ ఆగాడు. "మౌసీ, ఆ స్కూటర్ ఇంకా అక్కడే ఉంది."

"అయ్యో!" సుధారాణి అతని వెనకే పరిగెత్తింది.

కింద గౌరీశంకర్ అప్పటికే స్కూటరు గోడ వారకి నెట్టి, కొట్టు ముందు స్టూలు మీద నిలబడి తలుపుకి మేకు కొడుతున్నాడు. భార్యని చూసి అడిగాడు, "ఎందరు?"

"పది."

"ఊ," అన్నాడు.

మేకుకి ఒక బోర్డు తగిలించి దిగాడు. నీలం మీద తెల్లటి అక్షరాలు, పైన తెలుగులో, కింద ఒడియాలో. 'యజమానురాలు షిల్లాంగ్ వెళ్లినందున ఎనిమిది రోజులు కొట్టు మూత.'

సుధారాణి వేలితో అక్షరాన్ని తాకి చూసింది. రంగు అంటలేదు. ఆరి నాలుగు రోజులైనా అయ్యుంటుంది.